రూతు సిస్టర్ చెయ్యి

“చెయ్యి ఇయ్యుండ్రి సిస్టరమ్మా” అంది మొగిలమ్మ.

రూతు తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని, స్టూలు మీద కూర్చుని, ఎడమచెయ్యి బల్ల మీద చాపింది. ఇంట్లో పొయ్యి వెలిగించినంత అలవాటైన పని ఇది. హనుమకొండ మిషన్ దవాఖానకు నర్సింగ్ నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలంతా బీపీ చూడటం మొదట ఆ చేతి మీదే నేర్చుకుంటారు. రోగుల మీద నేర్చుకుంటే రోగులు జడుసుకుంటారు. ఒకరి మీద ఒకరు నేర్చుకుంటే ఇకఇకలూ పకపకలూ తప్ప చదువు సాగదు. అందుకని ఆడవాళ్ల వార్డు చూసుకునే రూతు తన చెయ్యే ఇస్తుంది.

అందులో ఒక సుళువు కూడా ఉంది. సంతలో కొత్త తక్కెడ కొన్నవాళ్లు బరువు తెలిసిన రాయి వేసి తూచి చూసుకుంటారు చూశారా, రూతు చెయ్యి అలాంటి రాయి. తాను ట్రైనింగ్ ముగించి కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు అప్పటి పెద్ద డాక్టరమ్మ పట్టీ చుట్టి చూసి, “వన్ ట్వంటీ, ఎయిటీ. గుండ్రాయిలా ఉన్నావు పిల్లా” అంది. ఆ మాటను రూతు బాప్తిస్మం పేరులా దాచుకుంది. ఏ బ్యాచీ వచ్చినా మొదటి రోజే చెప్పేది: “నా బీపీ వన్ ట్వంటీ, ఎయిటీ. మీకు గంతనే ఇనొస్తే మీ చెవులు మంచిగున్నట్టు.” వేరే అంకె చెప్పిన పిల్ల మళ్లీ చూడాలి. మళ్లీ తప్పితే బేసిన్లు కడగాలి. ఈలోగా రూతుకు పెళ్లయింది, ఇద్దరు కొడుకులు పుట్టారు, అత్తగారు రఘునాథపల్లి నుంచి వచ్చి ఇంట్లో మకాం పెట్టింది, నైట్ డ్యూటీలు మీద పడ్డాయి, నడుము చుట్టుకొలత మారింది, కళ్లకు అద్దాలొచ్చాయి. మనిషిలో ఇన్ని మారాయి గానీ ఆ అంకె మాత్రం మారలేదు. మారుతుందని ఎవరికీ తోచలేదు. రూతుకు అసలే తోచలేదు.

మొగిలమ్మ రబ్బరు బల్బు నొక్కింది, వదిలింది, నొసలు ముడిచి మళ్లీ నొక్కి చూసింది.

“ఎంత?” అంది రూతు.

“వన్ ఎయిటీ. కింద నూట పద్నాలుగు.”

వెనకాల నిలబడ్డ పిల్లలు మూతులకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. మొగిలమ్మది వర్ధన్నపేట దగ్గరి పల్లె. అమ్మానాన్నలు కూలికి పోతారు. వచ్చిన నెలలోనే థర్మామీటర్లు పగలగొట్టి పేరు తెచ్చుకుంది. ఆ పిల్ల మాట నమ్మాలని రూతుకేం పట్టింది?

“చెవుల గుబిలి తీయించుకో. పో, బేసిన్లు కడుగు.”

మొగిలమ్మ పోయి కడిగింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పట్టీ చుట్టింది. మళ్లీ అదే అంకె చెప్పింది. రూతుకు పొద్దుటి నుంచీ మెడ వెనకాల ఎవరో మేకు దిగగొడుతున్నట్టుంది. ఆ విసుగంతా పిల్ల మీదికి మళ్లింది.

“అందరికీ వన్ ట్వంటీ వచ్చె. నీ ఒక్కదానికే వన్ ఎయిటీ అయితదా?”

మొగిలమ్మ తల వంచుకుంది. అయినా నోరు మూసుకోలేదు. “వాళ్లకు గూడ అంతనే ఇనొస్తాంది సిస్టరమ్మా. చెప్తలేరు. హాస్టల్ల సీనియర్ అక్కలు ముందుగాల్నే చెప్పిండ్రు. రూతు సిస్టర్ చెయ్యి అంటే, ఎంత ఇనొచ్చినా వన్ ట్వంటీ, ఎయిటీ అనుమని. లేకుంటే బేసిన్లు కడగాల్సొస్తదని.”

“మరి నువ్వెందుకు అనలే?”

“నిన్న అందామనే అనుకున్న. పాదరసం అక్కడ్నే ఎగురుతాంటె నోరు రాలె.”

రూతు మిగతా పిల్లల వైపు చూసింది. ఒక్కరూ తలెత్తలేదు. చివర నిలబడ్డ పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. క్లాసు అయిపోయిందని చెప్పి రూతు వాళ్లను పంపేసింది.

మనిషికి మొదట తన మీద అనుమానం రాదు, వస్తువు మీద వస్తుంది. రూతు కూడా మిషను పాడైందనే అనుకుంది. వేణ్నీళ్ల బకెట్టు మోసుకుపోతున్న ఆయా పూలమ్మను పిలిచి, కూర్చోబెట్టి, పట్టీ చుట్టి చూసింది. మిషను బాగానే ఉంది. “పో పూలమ్మా” అని పంపించి, తలుపు దగ్గరికి వేసి, పట్టీ కొసను పళ్లతో పట్టుకుని తన చేతికి తానే చుట్టుకుంది. ఎందరి చేతుల్లోనో విన్న చప్పుడే అది. నూట ఎనభై దగ్గర మొదలైంది, దిగుతున్నా ఆగలేదు. ఎదటి మనిషి చేతిలో విన్నప్పుడు అంకె మాత్రమే. తన చేతిలో విన్నప్పుడు ఆమెకు భద్రమ్మ గుర్తొచ్చింది.

భద్రమ్మ ఆపరేషన్ గదిలో ఆయా. నిరుడు, ఉడకబెట్టిన గుడ్డల డబ్బా మోసుకొస్తూ వరండాలో కూలబడింది. కుడి పక్కంతా పడిపోయింది. అంతకుముందు నెలల తరబడి మెడ నొప్పని బామ్ రాసుకుంటూ తిరిగింది. డాక్టర్ల మధ్య, నర్సుల మధ్య, బీపీ మిషన్ల మధ్యే తిరిగింది. ఒక్కరూ ఆమె చెయ్యి పట్టుకుని చూడలేదు. పడిపోయాక మాత్రం అందరూ చూశారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఉంటుంది. పలకరిస్తే ఏదో చెప్పబోతుంది, మాట సగంలో జారిపోతుంది. దీపం కింద చీకటి అనే మాట దవాఖానను చూసే పుట్టించారేమో.

డాక్టర్ రాజేశ్వర్ రావు రెండుసార్లు రూతు బీపీ చూసి, లైటు వేసి కళ్లలోకి చూశాడు.

“తలనొప్పి ఎప్పట్నుంచి సిస్టర్?”

“అందరికి ఉండేదే గద సార్.”

“అందరి సంగతి కాదు. నీ సంగతి చెప్పు.”

రూతును తన సంగతి చెప్పమని ఈ మధ్యకాలంలో ఎవరూ అడగలేదు.

“గోళీలు రాస్త” అన్నాడు డాక్టరు. “గోళీలతోటే అయ్యేది కాదు. పది దినాలు పండుకోవాలె. ఉప్పు తగ్గియ్యాలె. నైట్ డ్యూటీ బంద్. ఇట్లనే ఉరుకుతాంటె భద్రమ్మ పక్కపొంటి ఇంకో కుర్చీ ఏసుకునుడే.”

రిక్షాలో ఇంటికి వెళ్తూ రూతు భయపడింది. భయంతో పాటు, సిగ్గు విడిచి చెప్పాలంటే, రవ్వంత ఆశ కూడా పడింది. ఎందుకంటే ఆ ఇంట్లో బీపీ అంటే మామూలు సంగతి కాదు, అదొక పెద్దమనిషి హోదా. ఆమె భర్త సుందర్ రావు మిషన్ స్కూల్లో సోషల్ టీచరు. కొన్నేళ్ల కిందట ప్రార్థన గంటకు కళ్లు తిరిగి పడ్డాడు. బీపీ అన్నారు. ఆ రోజు నుంచి ఇల్లు మునివేళ్ల మీద నడుస్తోంది. పొద్దున్నే రెండు కూరలు. ఉప్పు లేనిది ఆయనకు, ఉప్పున్నది అత్తగారికీ పిల్లలకూ. మూడో కూర వండేందుకు పొద్దు చాలదు కనుక రూతు గిన్నె అడుగున మిగిలింది తింటుంది, లేకపోతే మామిడి తొక్కు వేసుకుంటుంది. ఆయన అన్నం తిని లేచేసరికి గోళీ ఒక చేతిలో, నీళ్లు ఒక చేతిలో పట్టుకుని ఆమె నిలబడాలి. ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆయన పడుకుంటే పిల్లలు గోలీలాట వాకిట్లో కాకుండా వీధి చివర ఆడుకోవాలి. “నాయనకు బీపీ” అంటే చాలు, పక్కింటి రేడియో కూడా గొంతు తగ్గిస్తుంది. ఆ హోదాలో తనకు సగం రానక్కర్లేదు, పావు వంతు వచ్చినా ఒక మధ్యాహ్నం నిద్ర వస్తుందనుకుంది రూతు.

ఆమె చెప్పింది సుందర్ రావు పూర్తిగా విన్నాడు.

“ఇద్దరికి బీపీ ఉంటె ఇల్లెట్ల నడుస్తది?” అన్నాడు.

కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. కాజీపేటలో రైలు ఎన్ని గంటలకని అడిగినట్టు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదేమో. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి, జీతమంతా తెచ్చి ఇంట్లో ఇచ్చే మనిషి, నలుగురిలో మంచివాడనిపించుకున్న మనిషి. ఆయనకు నిజంగానే అదొక లెక్క. రోగం రావడానికి ఒక ఇంట్లో ఒక్కరికే వీలుంది, ఆ వీలు ముందుగా ఆయన వాడేసుకున్నాడు.

అత్తగారు సారమ్మ మంచం మీద నుంచే తీర్పు చెప్పింది. “నిప్పుకు చెదలు పడ్తదా? దవాఖానల ఉండేదానికి రోగమేంది? పొద్దుగాల జరంత బెల్లం నీళ్లు తాగు, అదే పోతది.”

సెలవు మాత్రం దొరికింది. దొరికిందని ఇంట్లో అందరూ సంతోషించారు. ఎట్లాగు ఇంట్లనే ఉన్నవు గదా, సకినాలు చేసి పెట్టరాదా అంది అత్తగారు. ఎట్లాగు ఇంట్లనే ఉన్నవు గదా, బొంతలు ఉతుకుతే అయిపోతది అంది మళ్లీ ఆవిడే. ఎట్లాగు ఇంట్లనే ఉన్నవని పాస్టరుగారిని భోజనానికి పిలిచిన, అన్నాడు సుందర్ రావు. పాస్టరుగారు ఒంటరిగా వస్తారా, ఇంటిల్లిపాదీ వచ్చారు. తిని, ఆమె ఆరోగ్యం కోసం చక్కగా ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ రూతు కళ్లు మూసుకుని తోమాల్సిన గిన్నెల గురించే ఆలోచించింది. సెలవు పెట్టిన నాలుగో రోజున గోళీల కోసం దవాఖానకు వెళ్తే మొగిలమ్మ పట్టీ చుట్టి చూసింది. ముందుకన్నా పెరిగింది. డ్యూటీలో ఉంటే మధ్యాహ్నం స్టూలు మీద కాసేపన్నా కూలబడేది. సెలవులో ఆ స్టూలు కూడా లేకపోయింది.

వరండాలో బెంచీ మీద కూర్చుని రూతు చాలాసేపు లేవలేదు. డిశ్చార్జి అయిపోయే ఆడవాళ్లకు తను ఇన్నేళ్లుగా చెప్పిన మాట గుర్తొచ్చింది. “ఇంటికి పోయి మంచిగ రెస్టు తీస్కో అమ్మా.” వాళ్లందరూ ఒకే తీరుగా నవ్వేవారు, తల ఊపేవారు. కాన్పయినవాళ్లు, గర్భసంచి తీయించుకున్నవాళ్లు, దగ్గుతో చిక్కిపోయినవాళ్లు. చదువు లేనివాళ్లు, చెప్పింది అర్థం కాక నవ్వుతున్నారనుకునేది. ఇప్పుడు తెలిసింది. వాళ్లకు బాగా అర్థమైంది, తనకే కాలేదు. రెస్టు తీసుకొమ్మని చెప్పడం తేలిక. అది తీసుకునే చోటు ఎక్కడుందో ఏ డాక్టరూ రాసివ్వలేదు, ఏ సిస్టరూ చెప్పలేదు. గిన్నెలు తనను చూడగానే మురికవుతాయి, బట్టలు తనను చూడగానే మాసిపోతాయి. ఆ ఇంటి గోడల మధ్య తను పడుకుంటే మనిషి పడుకున్నట్టు కాదు, పని ఆగినట్టు. ఆగిన పనిని ఎవరైనా తట్టి లేపుతారు, వాళ్లను అని ఏం లాభం? పడిపోయిన తర్వాత ఎలాగూ మంచం ఇస్తారు. భద్రమ్మకు ఇచ్చారు కదా. పడకముందే అడిగితే తప్పేముంది? ఆ ప్రశ్న మనసులో పుట్టగానే రూతు లేచి నిలబడింది, కాళ్లు తిన్నగా డాక్టరు గదిలోకి నడిచాయి.

“సార్, నన్ను అడ్మిట్ చేసుకోండ్రి.”

“ఇంట్ల రెస్టు తీసుకుంటాన్నవు గద సిస్టర్?”

“మా ఇంట్ల అది స్టాక్ లేదు సార్.”

రాజేశ్వర్ రావు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. సరేనన్నాడు.

ఇంటికి వెళ్లి రెండు చీరలు, తువ్వాలు, కంచం, గ్లాసు సంచిలో సర్దుకుంటుంటే సుందర్ రావు వెనకాల వచ్చి నిలబడ్డాడు.

“రోగుల నడుమ పండుకుంటవా? సుందర్ రావు పెండ్లానికి ఇంట్ల జాగ లేదా అని నలుగురు నవ్వరా?”

“నవ్వనియుండ్రి. జాగ ఉన్నది. పండుకునే టైము లేదు.”

“మరి నా గోళీలు?”

“గూట్ల ఉన్నయి. పొద్దుగాలొకటి, రాత్రొకటి. అన్నం తిన్నంక.”

“కూర?”

“ఉప్పేసి వండుడు కన్న ఉప్పెయ్యకుండ వండుడు అల్కటి పని. పిల్లలు బియ్యం కడుగుతరు, చెప్పిన.”

ఆ మాటలు తన నోటి నుంచే వచ్చాయా అని రిక్షా ఎక్కాక ఆమెకే ఆశ్చర్యమేసింది. అయినా రిక్షా వెనక్కి తిప్పమనలేదు.

ఆడవాళ్ల వార్డులో మూల మంచం ఇచ్చారు. కొత్త దుప్పటి పరిచారు. పడుకోవడం ఇంత కష్టమని రూతుకు తెలియదు. ఎక్కడ ఏ గిన్నె కింద పడ్డా కాళ్లు నేల వెతుక్కునేవి. ఎదుటి మంచం మీద సెలైను అయిపోవస్తుంటే సగం లేచింది. “పండుకోండ్రి సిస్టరమ్మా, నేనున్న గద” అంది మొగిలమ్మ. బేసిన్లు కడిగిన పిల్లే, ఇప్పుడు గొంతులో ఎంత అధికారమో. రూతు మళ్లీ దిండు మీద తల వాల్చింది. ఏ క్షణాన నిద్ర పట్టిందో తెలియదు. లేచేసరికి కిటికీలోంచి వచ్చిన ఎండ గది సగం దాటి పోయింది. ఎవరూ ఆమెను లేపలేదు. దేవుడా, ఎంత హాయి అనిపించింది. ఆ హాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేల తుడుస్తూ వచ్చిన పూలమ్మ మంచం దగ్గర ఆగింది. మోకాళ్లు పట్టుకుని లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించింది.

“మొన్న నా చెయ్యి పట్టి చూస్తివి గద. మిషన్ మంచిగున్నదని పంపిస్తివి. నాకెంతున్నదో మాత్రం చెప్పకపోతివి సిస్టరమ్మా.”

రూతు ముఖం ఎర్రబడింది. తన చేతిని అందరూ తూకపు రాయిని చేశారని తనకింత బాధగా ఉందే, పూలమ్మ చేతిని తనేం చేసింది? “నీకు మంచిగున్నది పూలమ్మా. కోపం చేసుకోకు. కూసో, మల్ల చూపిస్త” అని మొగిలమ్మను పిలిచింది. మంచిగానే ఉందని రెండోసారి విన్న పూలమ్మ పెళ్లికి పిలుపు అందినట్టు వెళ్లి అందరికీ చెప్పుకుంది. సాయంత్రానికి వంటగదిలో పనిచేసే ఆడమనిషి వచ్చింది. ఆమెకు ఎక్కువుంది. మర్నాడు బట్టలుతికే మనిషి వచ్చాడు, గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చాడు, ఎక్స్‌రే గది ఆయా వచ్చింది. తలనొప్పులూ కళ్లు తిరగడాలూ “అందరికి ఉండేదే” అని ఇన్నాళ్లూ ఎవరి కొంగున వాళ్లు ముడేసుకు తిరిగినవాళ్లే. సిస్టరమ్మే పడుకుంది కనుక, రోగం వచ్చిందని చెప్పుకోవడం తప్పు కాదని వాళ్లకు తోచినట్టుంది. ట్రైనింగ్ పిల్లలు వంతులు వేసుకుని చూశారు. చెవుల్లోంచి స్టెత్ తీసిన ప్రతి పిల్లకూ రూతు మంచం మీద నుంచి ఒకటే చెప్పింది: “నాకేం నచ్చుతదో చెప్పకు. నీకేం ఇనొచ్చిందో చెప్పు.” గోల విని వచ్చిన రాజేశ్వర్ రావు కేకలేస్తాడనుకున్నారు. ఆయన కాసేపు చూసి, వారానికి ఒక మధ్యాహ్నం దవాఖాన పనివాళ్లను తానే చూస్తానని చెప్పి, పోతూ పోతూ తన చెయ్యి కూడా మొగిలమ్మ ముందు చాపాడు.

రూతు బీపీ దిగడం మొదలుపెట్టింది. నూట యాభై దాకా వచ్చింది. మొగిలమ్మ రెండుసార్లు చూసి మరీ చెప్పింది. మెడలో మేకు వదులైంది. చప్పటి కూర కూడా నెమ్మది మీద రుచి తెలుస్తోంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సుందర్ రావు టిఫిను గిన్నెతో వచ్చాడు. వేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. పొయ్యి మీది గిన్నె తగిలి కాలిందట. గోళీ ఒక పూట మర్చిపోయాడట, తర్వాత జ్ఞాపకం పెట్టుకున్నాడట. ఆ సంగతులు పిల్లవాడు మార్కులు చెప్పినట్టు చెప్పాడు. ఆయన వెనకే సారమ్మ వచ్చింది. కోడలు ఇన్నేళ్లుగా పనిచేస్తున్న చోటికి ఆమె రావడం అదే మొదటిసారి. మెట్లెక్కిన ఆయాసంతో స్టూలు మీద కూలబడి, గాలి అందగానే అందుకుంది.

“ఇల్లు ఇడిసిపెట్టి ఇక్కడ రాణి లెక్క పండుకున్నవా? ముసల్దాన్ని, నేను పొయ్యి కాడ కూసుంటి. తల పలుగుతాంది.”

తల పగిలిపోతోందని ఆమె అనడం రూతుకు కొత్త కాదు. అన్నప్పుడల్లా అది తనను సాధించడానికే అనుకుంది. ఏ పని చెప్పబోతుందోనని ముందే ఒళ్లు బిగపట్టుకునేది. ఇప్పుడు దిండు మీద నుంచి తీరుబడిగా చూస్తే, ఆ ముఖంలో సాధింపు కన్నా అలసట ఎక్కువ కనిపించింది. కణతల దగ్గర నరం కొట్టుకుంటోంది. నుదుటికి బిగించి కట్టుకున్న గుడ్డ చర్మంలోకి దిగి గీత పడింది. వారం వారం దవాఖాన మిషను ఇంటికి తెచ్చి ఈమె కొడుకు చెయ్యి పట్టుకుని చూసిన తను, అదే ఇంట్లో, అదే మిషనుతో, ఈ చెయ్యి ఒక్కనాడూ చూడలేదు.

“మొగిలమ్మా, మా అత్తమ్మది చూడు.”

“నాకేంది? ఎనిమిది మందిని ఇంట్లనే కన్న. ఒక్కనాడు దవాఖాన మంచమెక్కలె” అంది సారమ్మ. అంటూనే చెయ్యి ముందుకు ఇచ్చింది.

మొగిలమ్మ పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, వదిలింది. మళ్లీ ఒకసారి కొట్టి వదిలింది. రూతు వైపు చూసింది.

“చెప్పు. ఇనొచ్చిందే చెప్పు.”

“రెండు వందలు సిస్టరమ్మా. కింద నూట పది.”

“అమ్మకు గూడనా?” అన్నాడు సుందర్ రావు. “మరి ఇగ ఇల్లు...” అని, మిగతా మాట నోట్లోనే ఆపేసుకుని, వేలికున్న గుడ్డ సర్దుకున్నాడు.

సారమ్మ పట్టీ విప్పిన చేతిని ఒళ్లో పెట్టుకుని వార్డంతా కలియజూసింది. పట్టపగలు వరసగా పడుకున్న ఆడవాళ్లు. వాళ్లను ఎవరూ కేకేయడం లేదు, ఎవరూ ఏమీ అడగడం లేదు. ఆమె స్టూలును మంచం దగ్గరికి జరుపుకుని, కొడుకు వినకుండా రూతు చెవి దాకా వంగింది.

“బిడ్డా, నాకు గూడ ఒక మంచం ఇస్తరా?”